కుజగ్రహం మీద పైడమ్మ ఇల్లు

మా జిల్లాలో పేదల ఇళ్లు ఎందుకు పూర్తి కావడం లేదో తేల్చడానికి వేసిన కమిటీ ఏడాదిన్నర తిరిగి, నూటపది పేజీల నివేదిక రాసి, అసలు ఇబ్బందంతా భూమితోనే వస్తోందని తేల్చింది. స్థల తగాదాలు భూమి మీదే వస్తున్నాయి. వానలు భూమి మీదే పడుతున్నాయి. ఇసుక దొరకకపోవడం, కోర్టు స్టేలు, ఎన్నికల కోడు, మేస్త్రీల ఇళ్లల్లో పెళ్లిళ్లు, అన్నీ ఇక్కడే. మా డైరెక్టరు మార్కండేయులు గారు ఈ నివేదిక చదివిన వారమే ఏదో సదస్సుకు వెళ్లారు. రేపటి రోజుల్లో మనిషి వేరే గ్రహం మీద కాలు పెట్టకముందే యంత్రాలు వెళ్లి ఇళ్లు కట్టి సిద్ధంగా ఉంచుతాయని, ఆ పనంతా ముందు కంప్యూటర్లో అనుకరించి చూసుకుంటారని అక్కడెవరో చెప్పగా విన్నారు. ఆయన బుర్రలో ఆ రెండూ కలిశాయి.

నెల తిరక్కుండా మా గృహ నిర్మాణ కార్యాలయం మేడ మీద 'గ్రహాంతర ఆవాసాల స్వయంచాలక నిర్మాణ అనుకరణ విభాగం' వెలిసింది. అంత పేరు ఒక బోర్డు మీద పట్టక రెండు బోర్డులు రాయించారు. జనం మాత్రం కుజుడి సెక్షన్ అన్నారు. ఆరు కంప్యూటర్లు, రెండు ఏసీలు ఇచ్చి నన్ను ఇన్‌చార్జిగా వేశారు. నా పేరు బెహరా శ్రీపతి, సహాయ ఇంజినీరును. ఇరవై రెండేళ్ల సర్వీసులో పునాది దాటిన ఇళ్లు నేను చూసింది తక్కువ. ఇల్లు పూర్తవడమంటే ఎలా ఉంటుందో చూద్దామని నాకూ కోరికగానే ఉండేది.

మౌక్తిక అనే కాంట్రాక్టు ఇంజినీరు ఆ అనుకరణను తయారుచేసింది. పిల్ల తెలివైనది. తెర మీద ఎర్రటి నేల, దాని మీద సాలెపురుగులా నడిచే ఒక యంత్రం. దానికి యంత్ర మేస్త్రీ అని పేరు పెట్టాం. అది అక్కడి మట్టినే కరిగించి, వరస మీద వరస పోసుకుంటూ, పదకొండు రోజుల్లో గుండ్రటి గుమ్మటం లాంటి ఇల్లు కట్టేస్తుంది. టీ అడగదు, అడ్వాన్సు అడగదు. ప్రారంభం రోజున సూపరింటెండెంటు కూర్మనాథం గారు మానిటరుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, సర్వరు ముందు బూడిద గుమ్మడికాయ పగలగొట్టారు. ఆ తడికి సర్వరు రెండు రోజులు పనిచేయలేదు.

తర్వాత రూల్సు వచ్చాయి. మా శాఖలో ఇల్లు పూర్తయిందని రాయాలంటే మూడు దశలు నమోదు చేయాలి. పునాది, గుమ్మాల మీద అడ్డంగా వేసే లింటెల్, కప్పు.

"గుమ్మటానికి లింటెల్ ఉండదు సార్. గోడే వంగి కప్పవుతుంది" అంది మౌక్తిక.

"లింటెల్ లేకపోతే లింటెల్ లెవెల్ ఎక్కడ నమోదు చేస్తావమ్మా?" అన్నారు కూర్మనాథం గారు. "ఆ గడి నింపందే కప్పు గడి తెరుచుకోదు."

చివరికి యంత్ర మేస్త్రీకి ప్రతి గుమ్మటం పక్కనా రెండు స్తంభాలు నిలబెట్టి వాటి మీద విడిగా ఒక లింటెల్ వేయడం నేర్పించాం. కట్టినదాన్ని నీళ్లతో తడిపే క్యూరింగు కూడా ఇరవై ఒక్క రోజులు పెట్టాం. అక్కడ నీళ్లు లేవు కాబట్టి ఆ ఇరవై ఒక్క రోజులూ యంత్రం ఇంటి ముందు ఊరికే నిలబడుతుంది.

అన్నిటికన్నా మొదటి గడి లబ్ధిదారు సంఖ్య. అది నింపనిదే ఫారం ముందుకు కదలదు. కల్పించి వేద్దామంటే పన్నెండంకెల సంఖ్య నిజమైనదా కాదా అని కంప్యూటరు సరిచూసుకుంటుంది. అప్పుడు, సొంత ఇల్లు లేక ఎదురుచూస్తున్న నాలుగొందల పన్నెండు మంది జాబితా తెచ్చి, ఒక్కో గుమ్మటానికి ఒక్కో పేరు తగిలించాం. తగిలించామని బహువచనంలో అంటున్నాను కానీ, తగిలించినవాణ్ణి నేనే. తర్వాత దాచానని అనుకోకుండా ఇప్పుడే చెప్పేస్తున్నాను.

మూడు వారాల్లో నాలుగొందల పన్నెండు ఇళ్లూ పూర్తయ్యాయి. రాష్ట్రంలో ఏ జిల్లాలోనూ అలా జరగలేదు. డైరెక్టరు గారికి శాలువా కప్పారు. నాకు పూలగుత్తి ఇచ్చారు.

ఆ పూలు వాడకముందే కిల్లాన పైడమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, ఒంటరిది. జీడిపిక్కల బట్టీలో పిక్కలు కొడుతుంది. ఆ జీడికి వేళ్లు నల్లగా కమిలిపోయి ఉన్నాయి.

"బాబూ, మాది గెడ్డవలస. మొన్న తుపానుకి నా ఇల్లు పడిపోనాది. తుపాను సెల్టర్లో ఉంతన్నాను. లిస్టులో నా పేరుందన్నారు. ఇప్పుడెల్లి అడిగితే నీ ఇల్లయిపోనాది కదమ్మా అంతన్నారు. ఎక్కడయిపోనాదో సూపిస్తే ఎల్లి దీపమెట్టుకుంతాను" అంది.

కూర్మనాథం గారు కంప్యూటర్లో చూశారు. "అయిందమ్మా. నూటికి నూరు శాతం. అంగారక గ్రహం, ఉత్తరార్ధ గోళం, నాలుగో బ్లాకు, రెండొందల పదిహేడో నంబరు."

"బస్సెల్తాదా బాబూ?"

"ప్రస్తుతానికి సౌకర్యం లేదు."

నేను ఆమెను మేడ మీదికి తీసుకొచ్చి తెర మీద ఇల్లు చూపించాను. చాలాసేపు చూసింది. బాగుందనే అంది. తర్వాత పక్కనున్న స్తంభాల మీద వేలు పెట్టి, "ఇదేటి, గుమ్మం బయట ఒగ్గీసినారు?" అని అడిగింది. అది లింటెల్ అని చెప్పాను.

"ఇది నాకొద్దు బాబూ. ఎవులికన్నా ఇచ్చీండి. మా ఊర్లో ఓ గదుంటే సాలు. జూనొచ్చిందంటే సెల్టర్లో నీల్లు నిలబడిపోతాయి, పడుకోడానికి సోటుండదు."

వదులుకోవడానికీ మా దగ్గర పద్ధతి ఉంది. లబ్ధిదారు వేలిముద్ర వేయాలి. పరిశీలనాధికారి స్వయంగా ఆ ఇంటికి వెళ్లి, అందులో ఎవరూ కాపురం లేరని ధ్రువీకరించి, లబ్ధిదారును ఇంటి ముందు నిలబెట్టి ఫొటో తీయాలి. పైడమ్మ వేలిముద్ర యంత్రం మీద పడలేదు. పిక్కలు కొట్టే చేతుల్లో ముద్రలు అరిగిపోతాయి. ఇల్లు ఇచ్చేటప్పుడు ఆ ముద్ర అవసరం రాలేదు, వదులుకోవడానికే కావలసివచ్చింది. ఇక పరిశీలనాధికారి సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆమె మెట్లు దిగి వెళ్లాక నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. ఆమె పేరు అక్కడ పెట్టింది నేను. రెండు రోజులు రూల్సు పుస్తకం తిరగేసి చివరికి ఒక దారి పట్టుకున్నాను. ప్రకృతి వైపరీత్యంలో ఇల్లు పూర్తిగా కూలితే లబ్ధిదారు పేరు మళ్లీ జాబితాలోకి వస్తుంది. అంటే కుజుడి మీద పైడమ్మ ఇల్లు కూలాలి.

మౌక్తికతో చెప్పాను. ఆమె పెన్ను తీసుకుని పుస్తకంలో గుర్తించిన వైపరీత్యాల జాబితా ముందు పెట్టుకుంది. "వరద కుదరదు సార్, నీళ్లు లేవు. అగ్నిప్రమాదం కుదరదు, మండడానికి ప్రాణవాయువు లేదు. ఉల్క పడితే కూలుతుంది కానీ ఉల్క జాబితాలో లేదు."

"తుపాను?"

"దుమ్ము తుపాన్లు వస్తాయి. కానీ అక్కడి గాలి పలచన. ఎంత జోరుగా వీచినా చీర కొంగు సరిగ్గా ఎగరదు."

ఆమె పెన్ను మూత పెట్టి పుస్తకం మూసింది. తర్వాత ఆమే అంది, "మన తుపాను పంపిద్దామా సార్?"

గెడ్డవలసలో పైడమ్మ ఇల్లు కూల్చిన తుపాను వివరాలన్నీ మా ఆఫీసులోనే ఉన్నాయి. గాలి ఎంత, ఎటునుంచి, ఎన్ని గంటలు. దాన్నే, మన గాలి చిక్కదనంతో సహా, అలాగే కుజుడి మీదికి పంపాం. నాలుగు నిమిషాల్లో రెండొందల పదిహేడో నంబరు ఇల్లు నేలమట్టమైంది. ఇల్లు కూలితే సంతోషించిన ఇంజినీరు నేనొక్కణ్ణే అయి ఉంటాను. 'పూర్తిగా ధ్వంసము' అని నివేదిక రాసి, సంతకం పెట్టి, కింద కూర్మనాథం గారి బల్ల మీద పెట్టి భోజనానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి మౌక్తిక తలపట్టుకుని కూర్చుంది. "సార్, కట్టేసింది."

"ఎవరు?"

"మేస్త్రీ. కూలిన ఇల్లు కనబడితే మళ్లీ కడుతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు. స్వయంచాలకం అంటే అదే కదా సార్."

అనుకరణలో కాలం తొందరగా నడుస్తుంది. మేం పప్పన్నం తినేలోపు అక్కడ ముప్పై రెండు రోజులు గడిచాయి, క్యూరింగుతో సహా. పైగా పాత ఇంటి నమోదు చెరిగిపోలేదు. కొత్తది దాని పక్కన చేరింది. మర్నాడు మళ్లీ కూల్చాం. మళ్లీ కట్టింది. యంత్రాన్ని ఆపుదామంటే, ఈ విభాగంలో మానవ ప్రమేయం ఉండరాదని డైరెక్టరు గారు మొదటి రోజే మెమో ఇచ్చి ఉన్నారు.

అలా కుజగ్రహం మీద పైడమ్మకు మూడు ఇళ్లయ్యాయి. మూడు ఇళ్లున్న మనిషికి తెల్ల రేషను కార్డు ఏమిటని నాలుగో రోజున ఇంకో కంప్యూటరు ఆమె కార్డు రద్దు చేసింది.

ఇక తప్పదని సమీక్షా సమావేశంలో లేచి నిలబడ్డాను. "సార్, ఆమెకు నిజానికి ఇల్లు లేదు."

"నిజానికి అంటే ఏ వ్యవస్థలో?" అన్నారు డైరెక్టరు గారు.

"గెడ్డవలసలో సార్."

"గెడ్డవలస వ్యవస్థ కాదు, శ్రీపతి గారూ. మన వ్యవస్థలో ఆమెకు మూడున్నాయి. ఒక ఒంటరి మహిళ మూడుసార్లు విపత్తుకు లోనై మూడుసార్లు పునరావాసం పొందింది. ఇది లక్ష్యసాధనలో ఒక మైలురాయి. దీన్ని మీరు సమస్యగా చూస్తున్నారు." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఒక్కటే లోటు కనిపిస్తోంది నాకు. గృహప్రవేశాలు కాలేదు."

మర్నాటికి ఉత్తర్వులు తయారయ్యాయి. 'పై విషయమును పురస్కరించుకొని లబ్ధిదారులందరిచేత మిషన్ మోడ్‌లో అనుకరణ గృహప్రవేశములు జరిపించి నివేదించవలసినది.' కల్యాణ మండపంలో షామియానా వేశారు. లబ్ధిదారుల కళ్లకు పెద్ద అద్దాల పెట్టె లాంటిది కడతారు. అది కట్టుకుంటే ఎటు చూసినా కుజుడే కనిపిస్తాడు, చేతిలోని గిన్నె కూడా అందులోకే వస్తుంది. ఈశాన్యం ఎటో పురోహితుడు ముందే నిర్ణయించారు. వస్తే రేషను కార్డు సంగతి చూస్తామన్నారని పైడమ్మ కూడా వచ్చింది.

ఆ ఇళ్లల్లో గాలి నింపడం వేరే శాఖ పని కావడంతో ఎవరూ నింపలేదు. గాలి ఒత్తిడి లేనిచోట పాలు వాటంతటవే మరుగుతాయట. పైడమ్మ పొయ్యి వెతుక్కునేలోపే ఆ అద్దాల లోకంలో పాలు పొంగి పొర్లాయి. నిప్పు లేకుండా పాలు పొంగడం మహా శుభసూచకమని పురోహితుడు మైకులో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. పైడమ్మ చేత మూడిళ్లకీ మూడుసార్లు పొంగించారు.

గృహప్రవేశం అయిపోయింది కాబట్టి సొంత ఇల్లున్నవాళ్లు షెల్టరులో ఉండరాదని వారంలో నోటీసు వచ్చింది. జూన్ మొదటి తేదీకి ఖాళీ చేయాలి. పైడమ్మ ఆ కాగితం పట్టుకుని తిన్నగా మేడ మీదికి వచ్చింది. అరవలేదు, ఏడవలేదు. నా ఎదుట కుర్చీలో కూర్చుంది. మంచినీళ్లిస్తే తాగింది.

నేను మొత్తం చెప్పేశాను. జాబితా, ఆమె పేరు, మేం పంపిన తుపాను, యంత్రం తిరిగి కట్టడం. మౌక్తిక తెర మీద చూపించింది కూడా. ఇల్లు కూలడం, యంత్రం కాళ్లు చాచుకుంటూ రావడం, మట్టి కరగడం, గోడ లేవడం. పైడమ్మ ముందుకు వంగి చూసింది.

"ఎవులూ సెప్పకుండానే వొచ్చీసిందేటి?"

"అవునమ్మా" అంది మౌక్తిక.

"రెండుసార్లు కూలిపోనాది, రెండుసార్లు కట్టీసింది. కాయితమడగనేదు. ఏలిముద్దరడగనేదు. రేపు రా అననేదు." ఆమె నావైపు తిరిగింది. "బాబూ, ఈ మేస్త్రీని ఓపాలి మా గెడ్డవలస అంపండి."

నేను తల వంచుకున్నాను. ఇరవై రెండేళ్లలో ఎంతోమంది నన్ను తిట్టారు. మంత్రిగారొకరు ఫైలు మొహాన విసిరారు. అప్పుడు రాని సిగ్గు ఆ మాటకు వచ్చింది.

ఆ మధ్యాహ్నమే ఒక నోటు రాశాను. జీవితంలో నేను రాసిన మంచి నోటు అదొక్కటే. 'కుజగ్రహమునందు సాధించిన విజయముల దృష్ట్యా, సూర్యునికి మూడవ స్థానమున గల గ్రహమునకు కూడా ఈ ప్రయోగమును విస్తరింపజేయుట ఉచితమని భావించడమైనది. సదరు గ్రహమున ప్రాణవాయువు కలదు. నీరు కొన్ని మాసములు అధికముగాను, కొన్ని మాసములు లేకుండగాను ఉండును. స్థానిక జీవులు కలవు. వారు ప్రమాదకరులనుటకు తగు ఆధారములు లేవు. అచ్చోట ఒక్క ప్రయోగాత్మక ఆవాసమును నిర్మించి, అందు పరీక్షా నివాసి నొకరిని ఉంచుటకు అనుమతి కోరడమైనది. యంత్ర మేస్త్రీ లభ్యము కానిచో స్థానిక మేస్త్రీలను వినియోగించవచ్చును.' నిర్మాణ స్థలం దగ్గర ఊరి పేరు రాయకుండా, గెడ్డవలసలో పైడమ్మ స్థలం అక్షాంశం, రేఖాంశం మాత్రం వేశాను. లబ్ధిదారు అనే మాట ఎక్కడా రాయలేదు. పరీక్షా నివాసికి తెల్లకార్డు ఉండాలని గానీ, ఇల్లు ఉండకూడదని గానీ ఏ రూలూ లేదు.

కూర్మనాథం గారు నోటు ఒకసారి చదివారు. కళ్లజోడు పైనుంచి నన్ను చూసి మళ్లీ చదివారు. వేళ్ల మీద ఏవో లెక్కపెట్టుకున్నారు. గ్రహాలే అయి ఉంటాయి.

"ఈ మూడో గ్రహంలో వానాకాలం ఎప్పుడయ్యా?"

"జూన్లో సార్."

ఆయన సొరుగు తీసి, అర్జంటు అని రాసే ఎర్ర చీటీ ఒకటి తీసి ఫైలుకు గుచ్చారు. ఆ మనిషి మీద నాకు ఎన్నాళ్లుగానో ఉన్న కోపం ఆ ఒక్క చీటీతో పోయింది.

డైరెక్టరు గారు నిలబడే సంతకం పెట్టారు. "అంటే ఇప్పుడు మనం రెండు గ్రహాల మీద పనిచేస్తున్నామన్నమాట" అన్నారు. ఔను సార్ అన్నాను. అక్కడి స్థానిక జీవుల సహకారం ఎలా ఉంటుందని అడిగారు. చెప్పలేం సార్ అన్నాను.

గెడ్డవలస మేస్త్రీ తవిటినాయుడు డ్రాయింగు చూసి, "ఇదేటి బాబూ, సీమల పుట్టలాగుంది" అన్నాడు. అనుమతి ఆ డ్రాయింగుకే వచ్చింది, అలాగే కట్టాలని చెప్పాను. కట్టాడు. నీళ్లు పోసి ఇరవై ఒక్క రోజులు క్యూరింగు చేశాడు. బయట లింటెల్ కూడా వేశాడు. పైడమ్మ దాని మీద చీరలు ఆరేసుకుంటోంది. మే నెల ముప్పైన ఆమె షెల్టరు ఖాళీ చేసి తన స్థలంలోకి తాను వచ్చింది. ఆ సాయంత్రం పొయ్యి రాజేసి, మంట పెట్టి, గిన్నెకి కాపలా కూర్చుని పాలు పొంగించింది. మౌక్తిక, నేను వెళ్లాం. జూన్ నాలుగున వాన పడింది. ఇల్లు కారలేదు.

రేషను కార్డు మాత్రం ఇంకా తేలలేదు. తిరుగుతున్నాను. మిగిలిన నాలుగొందల పదకొండు మంది కోసం మూడో గ్రహం మీద మరికొన్ని ప్రయోగ స్థలాలు కావాలని నోట్లు పెడుతూనే ఉన్నాను. ఇప్పటికి ఆరింటికి అనుమతి వచ్చింది. ఈ గ్రహం మీద మన ప్రగతి కాస్త మందకొడిగా ఉందని డైరెక్టరు గారు అంటున్నారు.

ప్రయోగం కాబట్టి నెలకోసారి నేను గెడ్డవలస వెళ్లి పరీక్షా నివాసి దగ్గర కూర్చుని ఒక ఫారం నింపాలి. నిద్ర పడుతోందా, ఊపిరి ఆడుతోందా, స్థానిక జీవుల వల్ల ఇబ్బంది ఉందా అని నలభై ప్రశ్నలుంటాయి. మొన్న వెళ్లినప్పుడు పైడమ్మ గుమ్మంలో కూర్చుని వేళ్లకు నూనె రాసుకుంటోంది. అన్నీ అడిగి ఆఖరి ప్రశ్నకు వచ్చాను.

"ఈ గ్రహం మీద మనిషి బతకడం సాధ్యమేనా?"

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నిజంగానే ఆలోచించింది.

"బతకొచ్చు బాబూ. మీ ఆఫీసుకి ఎల్లే పని నేకపోతే" అంది.

గడి చిన్నది. 'అవును, షరతులకు లోబడి' అని రాసి సంతకం పెట్టాను.